తేదీ లేని ఉత్తరం, ఖాళీగా ఉన్న కుడి సీటు

ప్రశ్న: నా వయసు 23. కమర్షియల్ పైలట్ లైసెన్స్ చేతికి వచ్చి నాలుగు నెలలైంది. లాగ్‌బుక్‌లో ఎగిరిన గంటలు 214 ఉన్నాయి. మల్టీ ఇంజిన్ రేటింగ్, బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా పూర్తయ్యాయి. మేమున్న చోట ఇన్ని గంటలతోనే ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరవచ్చు. ఒక ఎయిర్‌లైన్ వారి రాత పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష, ఇంటర్వ్యూ అన్నీ గట్టెక్కాను. ‘మీరు ఎంపికయ్యారు, ఖాళీలను బట్టి పిలుస్తాం’ అని ఉత్తరం వచ్చింది. ఒక ప్రత్యేక రకం విమానం నడిపే అర్హత, అంటే టైప్ రేటింగ్, సొంత ఖర్చుతో చేసుకుని ఉంటే ముందుగా పిలిచే అవకాశం ఉందని ఫోనులో చెప్పారు. ఈలోగా నేను నేర్చుకున్న ఫ్లయింగ్ స్కూల్లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారు నన్ను ఇన్‌స్ట్రక్టర్‌గా చేరమంటున్నారు. ‘చిన్న విమానంలో రన్‌వే చుట్టూ తిరుగుతూ కూర్చుంటే వెనకబడిపోతావు’ అని స్నేహితులంటున్నారు. శిక్షణ కోసం తెచ్చిన రుణం ఇంకా తీరలేదు కాబట్టి ఏదో ఒకటి త్వరగా తేల్చమని నాన్న అంటున్నారు. నిజం చెప్పాలంటే, మరొకరికి నేర్పగలనన్న ధైర్యం నాకు లేదు. ఏ దారిన వెళ్లమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు, రెండు ఉద్యోగాల్లో ఏది ఎంచుకోవాలో తెలియక సతమతమవుతున్నారనుకున్నాను. రెండోసారి చదివాక మీ ముందున్న ఉద్యోగం ఒక్కటేనని అర్థమైంది. ఎయిర్‌లైన్ పంపిన కాగితంలో చేరవలసిన తేదీ లేదు. జీతం ఎంతో లేదు. ఏ విమానం మీద వేస్తారో లేదు. అది మంచి కబురే, దాచుకోండి. కానీ దాన్ని చూపించి రుణం వాయిదా కట్టలేరు.

కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను. చేరే తేదీ రాసి ఉన్న నియామక పత్రం వస్తే ఎయిర్‌లైన్‌కు వెళ్లండి, రెండో ఆలోచన వద్దు. అది వచ్చేదాకా ఇన్‌స్ట్రక్టర్‌గా చేరండి. సొంత డబ్బుతో టైప్ రేటింగ్ మాత్రం ఇప్పుడే చేయకండి.

నా సంగతి కూడా చెప్పాలి. నేను కో-పైలట్ కాకముందు రెండేళ్లకు పైగా నేర్పాను, దాదాపు 900 గంటలు. ఇష్టపడి చేరలేదు, ఆ రోజుల్లో ఎవరూ పిలవక చేరాను. తర్వాత ఇష్టం పుట్టింది. నా మాటల్లో ఆ పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

అసలు ఈ ప్రశ్న అమెరికాలో పుట్టదు. అక్కడ 250 గంటలకు కమర్షియల్ లైసెన్స్ వస్తుంది కానీ, ఎయిర్‌లైన్‌లో కుడి సీటులో, అంటే కో-పైలట్‌గా, కూర్చోవాలన్నా మామూలుగా 1500 గంటలుండాలి. విమానయానంలో డిగ్రీ చదివినవారికి 1000, సైన్యం నుంచి వచ్చినవారికి 750 చాలు. ఈ నిబంధన వెనక ఒక ప్రమాదం ఉంది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. 2010లో చట్టం చేశారు, 2013లో అమలుకు వచ్చింది. అప్పటి నుంచి 250కీ 1500కీ మధ్య ఉన్న పెద్ద గుంతను అక్కడి యువ పైలట్లలో చాలామంది నేర్పుతూనే పూడ్చుకుంటున్నారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కనీస హద్దు మాత్రం కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలే, ఆమోదం పొందిన కోర్సులో అయితే 150. ఆ హద్దును పాటించే దేశాల్లో మీ వయసు వారు జెట్ విమానాల్లో కో-పైలట్లుగా ఉన్నారు, బాగానే నడుపుతున్నారు. నేర్పకుండా వెళితే మంచి పైలట్ కాలేరన్న మాట ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక్కడ ఒక వింత ఉంది. ఆ కోల్గన్ విమానంలోని పైలట్లిద్దరికీ 1500 కంటే ఎక్కువ గంటలే ఉన్నాయి. కెప్టెన్‌కు మూడు వేలు దాటాయి. వేగం పడిపోయి, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) రాబోతోందని హెచ్చరిస్తూ కంట్రోల్ కాలమ్ చేతిలో గడగడా వణికినప్పుడు ఆయన దాన్ని వెనక్కి లాగారు. ముందుకు వదలాలని మొదటి నెల విద్యార్థికి కూడా తెలుసు. తెలియడం వేరు, ఉలిక్కిపడిన క్షణంలో చేయి దానంతట అది అటు పోవడం వేరు. ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నవారు వారానికి ఎన్నో సార్లు విమానాన్ని కావాలని స్టాల్ దాకా తీసుకెళ్లి, విద్యార్థి తప్పు దిశలో లాగుతుంటే చూసి, సరిదిద్ది, మళ్లీ చేయిస్తారు. ఈ పని జెట్‌లో సిమ్యులేటర్ బయట ఎవరూ చేయరు. గంటల లెక్క కన్నా ఆ గంటల్లో ఏం జరిగిందన్నదే ముఖ్యమని నేను నమ్మడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం చెప్పాలంటే ఒక కుర్రవాడి గురించి చెప్పాలి. నా దగ్గర నేర్చుకునేవాడు. విమానం రన్‌వే అంచు దాటగానే ఊపిరి బిగబట్టేవాడు. హెడ్‌సెట్‌లో అతని ఊపిరి ఆగిపోవడం నాకు వినిపించేది. ఆ తర్వాత రెండు సెకన్లకు చేయి బిగిసేది, ముక్కు పైకి లేచేది, నేల మీద వాలవలసిన విమానం పది అడుగులు పైకి తేలి అక్కడ వేగం కోల్పోయి నిలబడేది. ప్రతిసారీ నేనే అందుకుని కిందికి దించేవాణ్ని. నేను అందుకున్నంత కాలం అతనికి ల్యాండింగ్ రాలేదు. చెప్పవలసినవన్నీ చెప్పాను, బోర్డు మీద బొమ్మ గీశాను, ఒకరోజు విసుక్కున్నాను కూడా. చివరికి ఒక ఉదయం, రన్‌వే అంచు దాటగానే, ‘రన్‌వే ఆ చివర ఏం కనిపిస్తోందో ఆపకుండా పైకి చెబుతూ ఉండు’ అన్నాను. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం కుదరదు కదా. పైగా చూపు ముక్కు ముందున్న నేల మీద నుంచి దూరానికి పోయింది, ఎత్తు తెలిసింది. ‘చెట్లు... తెల్ల గీత... గాలి గుడ్డ...’ అంటూ ఉండగానే చక్రాలు తాకాయి. దిగామన్న సంగతి అతనికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

ఆ ఉదయం నేను చేతులు ఒళ్లో పెట్టుకునే ఉన్నాను. వేళ్లు మాత్రం విమానాన్ని తిప్పే యోక్‌కు జానెడు దూరంలో ఉన్నాయి. ఎంతవరకు వదలాలి, ఎక్కడ అందుకోవాలి అన్నది ఇన్‌స్ట్రక్టర్ చదువంతటిలో పెద్ద పాఠం. ముందుగా అందుకుంటే అతను నేర్చుకోడు, ఆలస్యమైతే ఇద్దరికీ ముప్పు. చాలా ఏళ్ల తర్వాత కెప్టెన్ సీటులో కూర్చుని, పక్కగాలిలో కొత్త కో-పైలట్ చేత ల్యాండింగ్ చేయిస్తున్నప్పుడు నాకు పనికొచ్చింది ఆ జానెడు దూరమే. నేరుగా ఎయిర్‌లైన్‌కు వెళ్లినవారు కూడా ఇది నేర్చుకుంటారు, కాకపోతే కెప్టెన్ అయ్యాక, వెనక ప్రయాణికులు కూర్చుని ఉండగా నేర్చుకుంటారు.

చిన్న లాభం ఒకటుంది, ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. మీరు ఇంతదాకా ఎడమ సీటులో, ఎడమ చేతితో యోక్ పట్టుకుని, కుడి చేతితో ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్ నడిపారు. ఇన్‌స్ట్రక్టర్ కూర్చునేది కుడి సీటులో. చేతులు తారుమారవుతాయి. మొదటి వారం మీ ల్యాండింగ్‌లు చూసి మీకే నవ్వొస్తుంది. ఆ తర్వాత అదే అలవాటవుతుంది. కో-పైలట్ కూర్చునేది కూడా కుడి సీటే, చేతుల పని కూడా అదే.

ఇప్పుడు రెండో వైపు. ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో గంట మీది, చేతిలో గంట విద్యార్థిది. చాలాసార్లు మీరు విమానాన్ని తాకనే తాకరు. పగటి వెలుగులో, మేఘం లేని ఆకాశంలో, అదే రన్‌వే చుట్టూ ఐదు వందల గంటలు తిరిగితే అవి ఒకే గంటను ఐదు వందల సార్లు చేసినట్లే. మీ స్నేహితుల మాటలో ఆ మేరకు నిజముంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, ఎయిర్‌లైన్‌లో కెప్టెన్ కావడానికి కావలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్‌కు 1500 గంటలుంటే చాలదు, వాటిలో రాత్రి పూట 100 గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ మీద 75 గంటలు కూడా ఉండాలి. ఆ రెండు గడులూ ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్లను చాలామందిని చూశాను. అందుకే చేరే ముందే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారిని అడగండి: రాత్రి శిక్షణ, ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ, మల్టీ ఇంజిన్ శిక్షణ మీకెప్పటి నుంచి ఇస్తారో. నెలకొకసారైనా విద్యార్థి లేకుండా, మీ చేతుల్తో మీరు ఒక ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ (పరికరాలు చూస్తూ రన్‌వే వైపు దిగి రావడం) చేసుకోండి. ఎయిర్‌లైన్ వారు పిలిచినప్పుడు మళ్లీ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చూడవచ్చు, వారు చూసేది అదే.

అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. ఇన్‌స్ట్రక్టర్‌కు అన్నీ తానే చేయడం, అందరికీ తానే చెప్పడం అలవాటవుతుంది. నా మొదటి టైప్ రేటింగ్‌లో, సిమ్యులేటర్‌లో పక్కన కూర్చున్న సీనియర్ కెప్టెన్‌కు నేను గాలి దిశ గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా విని, ‘అయ్యాక చెక్‌లిస్ట్ చదువుదాం’ అన్నారు. ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది కూడా ఉంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే ద్వీపంలో రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి లేకుండానే టేకాఫ్ మొదలుపెట్టిన విమానం కెప్టెన్, తన సంస్థలో 747 శిక్షణకు అధిపతి. సిమ్యులేటర్‌లో ఎక్కువకాలం నేర్పేవారు టేకాఫ్ అనుమతి తామే ఇచ్చేస్తుంటారని, ఆ అలవాటు ఆ రోజు పనిచేసి ఉండవచ్చని తర్వాతి విశ్లేషణల్లో రాశారు. జెట్ విమానాన్ని ఇద్దరు కలిసి నడుపుతారు. ఒకరు నడుపుతుంటే మరొకరు గమనిస్తారు. నేర్పే అలవాటు ఆ రెండో పనికి గొప్ప సాధన, కానీ వినే అలవాటు పోకూడదు.

ఎయిర్‌లైన్ వైపు నిజమైన బలం ఎక్కడుందంటే సీనియారిటీలో. చాలా సంస్థల్లో మీరు చేరిన తేదీయే మీ జాతకం. ఏ ఊరి నుంచి ఎగరాలి, ఏ విమానం, పండగకు సెలవు దొరుకుతుందా, ఎప్పుడు కెప్టెన్ అవుతారు అన్నీ దాన్ని బట్టే. కష్టకాలం వస్తే చివర చేరినవారిని ముందు పంపుతారు. 2020లో ఎంతోమంది యువ పైలట్లకు ఇది అనుభవమైంది. కొన్ని వారాల తేడాతో చేరిన ఇద్దరి బతుకులు వేర్వేరు దారుల్లో పోవడం నేను చూశాను. ఇంకొక లెక్క కూడా ఉంది. ఇద్దరు పైలట్లుండే విమానాల్లో 65 ఏళ్ల దాకా ఎగరవచ్చు. మీకింకా 42 ఏళ్లుంది కదా, ఒక ఏడాది ఆలస్యమైతే ఏమిటని అనిపిస్తుంది. ఆ పోయే ఏడాది తక్కువ జీతపు మొదటి ఏడాది కాదు, పెద్ద జీతపు చివరి ఏడాది. పైగా వైద్య పరీక్ష ఏ రోజున తప్పుతామో ఎవరికీ తెలియదు. అందుకే తేదీ ఉన్న పత్రం వస్తే ఆలోచించవద్దన్నాను. ‘ఇంకో రెండు వందల గంటలు నేర్పి వెళతాను’ అని ఆగకండి.

టైప్ రేటింగ్ సంగతి. ఫోనులో చెప్పిన మాటను నమ్మి అంత సొమ్ము పెట్టవద్దు. టైప్ రేటింగ్ అంటే ఒక ప్రత్యేక విమానానికి సిమ్యులేటర్‌లో ఇచ్చే శిక్షణ. దాని తర్వాత అసలు విమానంలో ల్యాండింగ్‌లు చేయించాలి, ఆపైన శిక్షణ కెప్టెన్ పక్కన ప్రయాణికులతో ఎగరాలి. ఈ చివరి మెట్టు సంస్థలో చేరితేనే దొరుకుతుంది. అది లేని రేటింగ్ ఎండలో పెట్టిన మంచుగడ్డ లాంటిది. యూరప్ నిబంధనల్లో దాని చెల్లుబాటు ఒక ఏడాదే, ఆపైన మళ్లీ పరీక్ష, మళ్లీ ఖర్చు. మీరు ఒక విమానం మీద చేసుకున్నాక వారు మరో రకం విమానం తెచ్చుకుంటే ఆ నష్టం మీదే. ‘ముందుగా పిలుస్తాం’ అన్న మాటను ఈమెయిల్లో రాసి పంపమని మర్యాదగా అడగండి. రాస్తే మళ్లీ ఆలోచిద్దాం. రాయరనే నా అనుమానం.

నేర్పగలనన్న ధైర్యం లేదన్నారు. అదే నాకు నచ్చింది. ధైర్యం పొంగిపొర్లే కొత్త ఇన్‌స్ట్రక్టర్లంటేనే నాకు భయం. ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో మొదట తెలిసేది, తెలుసనుకున్నవి ఎన్ని తెలియవో. యోక్ కుడికి తిప్పితే విమానం ముక్కు ఒక్క క్షణం ఎడమకు ఎందుకు పోతుందో రెండు వాక్యాల్లో చెప్పి చూడండి. మీరు రోజూ రడ్డర్‌తో (తోక మీది చుక్కానితో) సరిచేసేదే అది, అయినా చెప్పబోతే నాలుక తడబడుతుంది. చెప్పగలిగిన రోజున మీ రడ్డర్ పని కూడా బాగుపడుతుంది. చాలా చోట్ల కొత్త ఇన్‌స్ట్రక్టర్ కొంతకాలం సీనియర్ల పర్యవేక్షణలోనే ఉండాలి, విద్యార్థిని మొదటిసారి ఒంటరిగా పంపే నిర్ణయం మీ ఒక్కరి మీద పడదు. ఒక్క విషయం మాత్రం నిజాయితీగా చూసుకోండి. రెండు మూడు నెలలు గడిచాక కూడా విద్యార్థి తప్పు చేసిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంటే మానేయండి. అతను డబ్బు కడుతున్నది మీ గంటలు పెంచడానికి కాదు.

నాన్నగారికి లెక్క కాగితం మీద చూపించండి. ఇన్‌స్ట్రక్టర్ జీతం చాలా చోట్ల ఎగిరిన గంటకు ఇంత అని ఉంటుంది. వాన కురిసినా, మేఘం కిందికి దిగినా, విమానం మరమ్మతుకు వెళ్లినా గంట లేదు, జీతం లేదు. నెలకు కనీసం ఇంత అని హామీ ఇస్తారా, ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఎంతమంది విద్యార్థులు, మానేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, ఇవన్నీ అడిగాకే సంతకం చేయండి. రోజుకు ఎన్ని గంటలు నేర్పిస్తారో కూడా అడగండి. అమెరికాలో 24 గంటల వ్యవధిలో 8 గంటలకు మించి విమానంలో శిక్షణ ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. ఆ 8 గంటలు కూడా ఎక్కువే. ఆరో గంట దాటాక నా చెవులు ఊపిరి వినడం మానేసేవి. ఎయిర్‌లైన్ పత్రం గురించి చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారికి ముందే చెప్పండి. దాచి చేరితే మీరు వెళ్లిన రోజున మీ తర్వాత వచ్చేవారికి ఆ తలుపు మూసుకుంటుంది.

ఎయిర్‌లైన్ వారితో కూడా సంబంధం తెంచుకోవద్దు. నాలుగైదు నెలలకొకసారి మీ గంటలు ఇన్ని పెరిగాయి, ఈ కొత్త రేటింగ్ వచ్చింది అని రెండు వాక్యాల ఈమెయిల్ పంపండి. అంతకన్నా ఎక్కువ రాస్తే చదవరు.

ఇక పిలుపు వచ్చిన రోజు సంగతి. ఒక్కో విద్యార్థికి ఒక్కో పేజీ పెట్టుకుని, ప్రతి పాఠం అయ్యాక మూడు నాలుగు వాక్యాలు రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. నాకు పిలుపు వచ్చినప్పుడు ఆ ఊపిరి బిగబట్టే కుర్రవాడు సోలోకు, అంటే మొదటిసారి ఒంటరిగా ఎగరడానికి, వారం దూరంలో ఉన్నాడు. పది రోజుల గడువడిగితే ఆరు రోజులిచ్చారు. అందులో నాలుగు రోజులు గాలి, వాన. అతని సోలో నేను చూడలేదు. నా పుస్తకం తీసుకున్న కొత్త ఇన్‌స్ట్రక్టర్‌కు అతని పేజీలో పైనే కనిపించేలా ఎర్ర సిరాతో రాశాను: ‘రన్‌వే అంచు దాటాక మాట్లాడించండి.’